మిణుకుమనే ఇంజన్ దీపం

వంటల పేజీ పక్కన ఈ ఇంజన్ గోలేమిటని విసుక్కోకండి. ఈ వారం మన శీర్షిక ఒక దీపం గురించి. దేవుడి గూట్లో పెట్టే దీపం కాదు. పికప్ బండిలో స్టీరింగ్ వెనకాల, మీటర్ల మధ్యన పసుపు రంగులో వెలిగే ఇంజన్ బొమ్మ దీపం. పుస్తకంలో చెక్ ఇంజన్ లైటు అని వుంటుంది. మన డ్రైవర్లు ఇంజన్ లైటు అనో, సెన్సార్ లైటు అనో అంటారు.

ముండ్లమూరు మండలం నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "మాకు పెట్రోలు పికప్ వుంది. డ్వాక్రా లోనుతో కొన్నాం, లోను నా పేరు మీదే వుంది. మొన్న మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి పోతుంటే అద్దంకి దాటాక ఇంజన్ లైటు మిణుకుమిణుకుమని కొట్టుకుంటోందని మా ఆయన ఫోన్ చేశారు. 'ఏమే, ఆగేదా, పోయేదా?' అన్నారు. నాకేం తెలుసు? 'నిదానంగా పోనీయండి, యార్డుకి టైముకి చేరాలి గదా' అన్నాను. సరుకైతే చేరింది. కానీ ఆ రోజు నుంచీ బండి లాగడం లేదు. మెకానిక్ చూసి సైలెన్సర్లో కన్వర్టర్ పోయింది, మార్చాలి అంటున్నాడు. చెప్పిన రేటు వింటే కళ్ళు తిరిగాయి. మార్చమంటారా, వద్దంటారా?"

ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. దర్శి, పొదిలి, మార్కాపురం, గిద్దలూరు, ఎటు పోయినా పాల క్యాన్లు, కూరగాయలు, పొగాకు బేళ్లు, పలకల రాయి, పెళ్ళిళ్ళ షామియానా సామాను, అన్నీ మోసేది ఈ చిన్న బండ్లే. 2021 జనవరిలో మన రాష్ట్రంలో ఇంటింటికీ రేషన్ ఇవ్వడానికి 9,260 బండ్లు రోడ్డెక్కాయి. 2025 జూన్ 1 నుంచి రేషన్ మళ్ళీ చౌకధరల దుకాణాల్లోనే ఇస్తున్నారు. ఆ బండి మీద బతికినవాళ్ళు వేరే కిరాయిలు వెతుక్కోవలసి వచ్చింది. బండి నడిపేది ఎక్కువగా మగవాళ్ళే కావచ్చు. వాయిదా తేదీ గుర్తుపెట్టుకుని, సంఘంలో మాట పడకుండా డబ్బు సర్దేది మాత్రం చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళే. అందుకే "ఆగేదా, పోయేదా" అన్న ప్రశ్న చివరికి మీ దగ్గరికే వస్తుంది. జవాబు మీకు తెలిసి వుండటం మంచిది కదూ!

వెలగడం వేరు, మిణకడం వేరు

ముందుగా ఒక్క తేడా మనసులో పెట్టుకోండి. ఆ పసుపు దీపం నిలకడగా వెలుగుతోందనుకోండి, "నాలో ఏదో లోపం వుంది, తీరిక చేసుకుని చూపించు" అని బండి చెబుతోందన్న మాట. ఇంజన్ మామూలుగా నడుస్తూ, ఎర్ర దీపాలేవీ లేకపోతే ఆ రోజు కిరాయి చూసుకుని, ఒకటి రెండు రోజుల్లో మెకానిక్‌కి చూపించవచ్చు. అదే దీపం మిణుకుమిణుకుమంటే "ఇప్పుడే, ఈ నిముషంలోనే నష్టం జరుగుతోంది" అని అర్థం. పెట్రోలుతోనో, గ్యాసుతోనో నడిచే బండ్ల సంగతి ఇది. డీజిల్ బండ్ల గురించి తర్వాత చెబుతాను.

ఆయిల్ డబ్బా బొమ్మతోనో, టెంపరేచర్ బొమ్మతోనో ఎర్రగా వెలిగే దీపాలు వేరే. ఆ ఎర్ర దీపం కనబడితే ఆలోచనే వద్దు, రోడ్డు పక్కకి తీసి ఇంజన్ కట్టెయ్యాల్సిందే.

మిణకడానికీ, వెలగడానికీ ఇంత తేడా ఎందుకో ఒకసారి తెలుసుకుంటే ఇక మర్చిపోరు. నాలుగు బర్నర్ల గ్యాస్ స్టవ్వు వుందనుకోండి. నాలుగు నాబులూ తిప్పారు. మూడు అంటుకున్నాయి. నాలుగోది అంటుకోలేదు, గ్యాసు మాత్రం బుస్సుమని వస్తూనే వుంది. "మూడు వెలుగుతున్నాయిగా, వంట కానిద్దాం" అంటారా? ముందు ఆ నాబు కట్టేసి కిటికీలు తీస్తారు.

ఇంజన్ కూడా అంతే. మారుతి సూపర్ క్యారీ లాంటి బండికి నాలుగు సిలిండర్లు, టాటా ఏస్ పెట్రోలు బండికి రెండు. ఒక్కో దాంట్లోకి పెట్రోలూ గాలీ కలిసి వస్తాయి, స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది, మంట లేస్తుంది, ఆ తోపుతో బండి కదులుతుంది. ఇంజన్ నిముషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్లో నిముషానికి 1,500 సార్లు ఇలా మంట అంటుకోవాలి. ఏదో ఒక సిలిండర్లో మంట అంటుకోకుండా తప్పిపోవడాన్నే మెకానిక్కులు 'మిస్సింగ్' అంటారు. బండి గుబుక్కు గుబుక్కుమని ఊగుతుంది, లాగదు, ఎత్తు ఎక్కేటప్పుడు జర్కులు ఇస్తుంది.

బండిలోని కంప్యూటరు దీన్నెలా పసిగడుతుందంటారా? ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు పోటు మీద పోటు వేస్తుంటే, ఒక్క పోటు తప్పినా పక్కింట్లో వున్నవాళ్ళకి చప్పుడుని బట్టి తెలిసిపోతుంది కదా! ఇంజన్లోని క్రాంక్ షాఫ్ట్ తిరిగే వేగంలో ఏ పోటు దగ్గర వెనకబడిందో ఒక సెన్సార్ లెక్క చూస్తుంది. ఏ సిలిండరు తప్పిందో కూడా రాసిపెడుతుంది.

నష్టం జరిగేదెక్కడ?

మంట అంటుకోని పెట్రోలు ఎక్కడికి పోతుంది? పొగతో పాటు వేడి వేడి గొట్టంలోకి పోతుంది. ఆ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ అనే డబ్బా వుంటుంది. లోపల పింగాణీ లాంటి దిమ్మ, దాని నిండా తేనెపట్టులాగా సన్నని గదులు. ఆ గదుల గోడలకి ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాల పూత. విషపు పొగను కొంత మంచి గాలిగా మార్చడం దాని పని. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి ఇది తప్పనిసరి చేశారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్ 6 వచ్చాక పొగ నిబంధనలు చాలా బిగిశాయి. 2023 ఏప్రిల్ 1న రెండో విడత వచ్చి, కంప్యూటరు కాపలా ఇంకా గట్టిపడింది.

ఈ కన్వర్టర్ మామూలుగానే 400 డిగ్రీలు దాటిన వేడిలో పనిచేస్తుంది. మనం గారెలు వేయించే నూనె వేడి 180 డిగ్రీల దగ్గర వుంటుంది, పోల్చి చూసుకోండి. ఆ వేడిలోకి మండని పెట్రోలు వచ్చి పడితే అది అక్కడే అంటుకుంటుంది. వేడి 1,000 డిగ్రీల పైకి పోతుంది. పూత పాడవుతుంది, తేనెపట్టు గదులు కరిగి ముద్దయిపోతాయి. ఇక పొగ బయటికి పోయే దారి మూసుకుపోయి, ముక్కు మూసుకున్న మనిషి పరుగెత్తినట్టు బండి ఆయాసపడుతుంది. ముండ్లమూరు సోదరి రాసిన "బండి లాగడం లేదు" అన్నదానికి ఇదే కారణం కావచ్చు.

కన్వర్టర్ పాడయ్యేంత తీవ్రంగా మిస్సింగ్ వుంటే దీపం మిణకాలి అన్నది కంపెనీవాళ్ళు సరదాకి పెట్టింది కాదు. లాస్ ఏంజిలస్ నగరం పొగలో ఉక్కిరిబిక్కిరి అయ్యాక, బండ్లకి సొంత కాపలా కంప్యూటరు వుండాలని కాలిఫోర్నియా రాష్ట్రం 1988 మోడల్ బండ్ల నుంచి నిబంధన పెట్టింది. 1996 మోడల్ నుంచి అమెరికా అంతటా రెండో తరం పద్ధతి వచ్చింది. మిస్సింగ్‌కి దీపం మిణకడం అప్పటి పాఠమే. తర్వాత ఐరోపాకీ, మనకీ వచ్చింది.

ఆ మొదటి పది నిముషాలు

2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్ళూరు మండలాల్లో భూమి కొద్ది సెకన్లు కదిలింది గుర్తుందా? అందరూ ముందు బయటికి పరుగెత్తారు. కారణాలు తర్వాత మాట్లాడుకున్నారు. మిణికే దీపానికీ అదే వరస. ముందు నష్టం ఆపాలి, తర్వాత కారణం వెతకాలి. ఫోన్ వస్తే మీరు చెప్పవలసినవి ఇవి:

1. కాలు ఆక్సిలరేటర్ మీద నుంచి తియ్యమనండి. వేగం తగ్గిస్తే ఒక్కోసారి మిణకడం ఆగి దీపం నిలకడగా వెలుగుతుంది. బరువుతో, వేగంతో పోయేటప్పుడే మిస్సింగ్ ఎక్కువవుతుంది.

2. రోడ్డు పక్కన చదునైన చోట ఆపి ఇంజన్ కట్టమనండి. ఎండుగడ్డి మీద, వరిగడ్డి వాముల దగ్గర, రోడ్డు మీద పరిచిన కంది కట్టె మీద మాత్రం ఆపవద్దు. కింద కన్వర్టర్ నిప్పుకణికలా వుంటుంది. మన మెట్ట ప్రాంతంలో ఎండాకాలం ఒక్క రవ్వ చాలు. గొట్టాన్ని చేత్తో తాకవద్దు.

3. పెట్రోలు వాసన గానీ, కాలిన వాసన గానీ గట్టిగా వస్తుంటే మళ్ళీ స్టార్ట్ చెయ్యవద్దు. మనుషులు బండికి దూరంగా నిలబడాలి.

4. వాసనేమీ లేకపోతే కాసేపాగి స్టార్ట్ చేసి చూడవచ్చు. ఇంజన్ సాఫీగా వుండి, దీపం మిణకకుండా నిలకడగా వుంటే నెమ్మదిగా, దగ్గర్లోని మెకానిక్ దాకా మాత్రమే పోవాలి. యార్డు దాకా కాదు. ఇంకా మిణుకుతూ, ఊగుతూ వుంటే బండి కదలకూడదు. సరుకు వేరే బండిలోకి మార్చుకోవాలి.

5. తోసి స్టార్ట్ చెయ్యవద్దు. పది మంది చేరి తోస్తే పాత బండ్లు బతికేవి. ఈ బండ్లలో తోసే కొద్దీ మండని పెట్రోలు కన్వర్టర్లోకి చేరుతుంది.

మిర్చి యార్డు టైముకి అందకపోతే ఎలా, వెల్లంపల్లిలోనో పొదిలిలోనో పొగాకు వేలం రోజు తప్పితే ఎలా అని మీరడగవచ్చు. నిజమే, ఆ బాధ చిన్నది కాదు. కానీ లెక్క వేసుకోండి. సరుకు మార్చుకోవడానికి ఇంకో బండికిచ్చే కిరాయి ఒక వైపు. చెడిన ప్లగ్గు వందల్లో, కాయిల్ వేలల్లో. మిణుకుతున్నా పోతే పోయే కన్వర్టర్ పదుల వేలల్లోకి పోవచ్చు. అందుకే ఆపదకి వచ్చే ఇంకో బండివాళ్ళ నెంబరు ఒకటి రెండు ముందే రాసుకుని వుండటం మంచిది. ఈ సారి వాళ్ళు మనకి, మరోసారి మనం వాళ్ళకి.

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కబోయే ముందు, గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల దారి పట్టే ముందు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. బరువుతో ఎత్తెక్కేటప్పుడే మిస్సింగ్ బయటపడుతుంది. అడవిలో మెకానిక్ దొరకడు, చాలాచోట్ల ఫోన్ సిగ్నలూ దొరకదు. ఘాట్ కింద మిణికితే ఘాట్ కిందే ఆగాలి.

మెకానిక్ దగ్గర ఏం చెప్పాలి?

డాక్టరు దగ్గరికి పిల్లాణ్ణి తీసుకెళితే "జ్వరం" అని వూరుకోం కదా, ఎప్పటి నుంచి, ఎంత, దగ్గుందా అని చెబుతాం. బండికీ అంతే. పొద్దున్నే చల్లగా వున్నప్పుడు మిణికిందా, వేడెక్కాక మిణికిందా? ఖాళీ బండా, లోడా? వాన పడిందా, బండి కడిగించారా? పెట్రోలు ఎప్పుడు, ఎక్కడ కొట్టించారు? ఆఖరుసారి ప్లగ్గులు ఎప్పుడు మార్చారు? ఇవి ఒక కాగితం మీద రాసిస్తే సగం పని అయినట్టే.

తర్వాత స్కానర్ పెట్టించండి. బండిలో స్టీరింగ్ కింద ఒక సాకెట్టు వుంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే కంప్యూటరు రాసిపెట్టుకున్న కోడ్ చూపిస్తుంది. పీ 0300 అంటే ఏదో ఒక సిలిండరని కాకుండా అక్కడక్కడా తప్పుతోందని. పీ 0301 అంటే ఒకటో సిలిండరు, పీ 0302 అంటే రెండోది, ఇలా వరసగా. ఆ కోడ్ ఏదో మీ ఫోన్లో ఫొటో తీసుకోండి. కోడ్ చూడకముందే బ్యాటరీ వైరు తీసేస్తే రాసుకున్నదంతా చెరిగిపోవచ్చు. దీపం ఆరిపోతుంది, రోగం మాత్రం అలాగే వుంటుంది. ఇప్పుడు ఫోన్‌తో పనిచేసే చిన్న బ్లూటూత్ స్కానర్లు కూడా తక్కువ ధరలో దొరుకుతున్నాయి. అన్ని బండ్లకీ పనికిరాకపోవచ్చు, మీ బండికి సరిపోతుందో లేదో అడిగి కొనుక్కోండి.

కోడ్ తెలిశాక మంచి మెకానిక్ వెంటనే సామాను మార్చడు, మార్పిడి చేసి చూస్తాడు. పీ 0302 వచ్చిందనుకోండి. ప్లగ్గు ప్లగ్గుకీ విడి కాయిల్ వున్న బండైతే రెండో సిలిండరు కాయిల్ తీసి మూడో దానికి, మూడోది రెండో దానికి పెడతాడు. కోడ్ చెరిపి నడిపి చూస్తాడు. ఇప్పుడు పీ 0303 వస్తే దోషం కాయిల్‌తో పాటు నడిచి వచ్చిందన్న మాట, కాయిల్ మారిస్తే చాలు. పీ 0302 అలాగే వుంటే కాయిల్ మంచిదే. అదే విధంగా ప్లగ్గు మార్చి చూస్తాడు. అదీ కాకపోతే ఇంజెక్టరు, ఆ తర్వాత కంప్రెషన్. చవక దాని నుంచి ఖరీదైన దానికి వెళ్ళడమే పద్ధతి. పప్పు వుడకలేదని వెంటనే కొత్త కుక్కరు కొంటామా? ముందు గాస్కెట్టు చూస్తాం.

ఒక్కమాట. ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు వైరు ఒక్కోటి పీకి ఏది పనిచెయ్యడం లేదో చూసే పాత అలవాటు కొందరికి వుంది. పాత బండ్లకి అది చెల్లింది. ఈ బండ్లలో కొంచెం సేపైనా పచ్చి పెట్రోలు కన్వర్టర్లోకి పంపినట్టే, షాక్ కొట్టే భయం, కంప్యూటరు చెడే భయం అదనం. మర్యాదగానే వద్దనండి.

మన వైపు తరచూ దొరికే దోషులు

దసరాకి ఆయుధపూజ అని బండిని ప్రెషర్ నీళ్ళతో ఇంజన్ లోపలి దాకా కడిగించి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి రోడ్డెక్కగానే దీపం మిణికిందంటే దిష్టి తగిలిందని అనుకోకండి. ప్లగ్గుల గుంటల్లోకి, కాయిల్ కనెక్టర్లలోకి నీళ్ళు చేరి వుంటాయి. ఆరనిచ్చి, గాలి కొట్టించి, శుభ్రంగా తుడిపిస్తే తరచూ సరిపోతుంది.

ధాన్యం బస్తాల పక్కన, గడ్డివాము పక్కన బండి పెడితే ఎలుకలు, ఉడతలు ఇంజన్ వెచ్చదనానికి చేరి వైర్లు కొరుకుతాయి. పొద్దున్నే బానెట్టు గానీ, సీటు కింది మూత గానీ ఎత్తి ఒకసారి చూడటం అలవాటు చెయ్యండి. వడ్ల గింజలు, పీచు కనబడితే అనుమానించండి.

మెట్ట రోడ్ల దుమ్ము, చీమకుర్తి వైపు తిరిగే బండ్లకి గ్రానైట్ దుమ్ము, ఎయిర్ ఫిల్టర్‌ని తొందరగా పూడ్చేస్తాయి. పుస్తకంలో చెప్పిన కిలోమీటర్ల కన్నా ముందే చూపించుకోవాలి.

పెట్రోలులో నీళ్ళు ఇంకో కారణం. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీళ్ళు మరీ ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుక్కి చేరుతుంది. పెద్ద వాన తర్వాత పెట్రోలు కొట్టించిన వెంటనే బండి మిస్ అయితే ఆ సంగతి మెకానిక్‌కి చెప్పండి. బిల్లు దాచుకోండి.

గ్యాసు బండ్లు, డీజిల్ బండ్లు

సీఎన్‌జీ మీద నడిచే బండ్లలో గ్యాసుని అంటించడానికి ప్లగ్గు ఇంకా గట్టిగా పనిచెయ్యాలి. అందుకే ప్లగ్గులు, కాయిళ్ళు పెట్రోలు మీద కన్నా ముందే అలసిపోతాయి. రెండు ఇంధనాలూ వుంటే ఒక తేలిక పరీక్ష వుంది. గ్యాసు మీద మిణికి, పెట్రోలు మీటకి మార్చగానే సాఫీగా నడిస్తే దోషం గ్యాసు వైపు ఫిల్టర్లోనో, రెగ్యులేటర్లోనో, గ్యాసు ఇంజెక్టర్లోనో, లేక గ్యాసుకి చాలని బలహీనపు ప్లగ్గులోనో వుండవచ్చు. రెండింటి మీదా మిణికితే ప్లగ్గు, కాయిల్, వాల్వుల వైపు చూడాలి. గ్యాసు వాసన వస్తే మాత్రం పరీక్షలు పెట్టుకోకండి. వాల్వు కట్టేసి తెలిసినవాళ్ళని పిలవండి. మూడేళ్ళకోసారి సిలిండరు పరీక్ష తప్పనిసరి, ఆ తేదీ క్యాలెండరు మీద రాసుకోండి.

బొలెరో పికప్ లాంటి డీజిల్ బండ్లకి స్పార్క్ ప్లగ్గులే వుండవు. వాటిలో దీపం మిణకడానికి అర్థం కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది. స్ప్రింగు చుట్టలాంటి దీపం వేరు, డీజిల్లో నీళ్ళు చేరాయని చెప్పే దీపం వేరు, మసి ఫిల్టరు నిండిందని చెప్పే దీపం వేరు. బండితో ఇచ్చిన పుస్తకంలో దీపాల బొమ్మలున్న పేజీ వుంటుంది. దాన్ని ఫొటో తీసి మీ ఫోన్లో ఒకటి, ఆయన ఫోన్లో ఒకటి పెట్టుకోండి. నీళ్ళ దీపం వెలిగితే ఫిల్టరు అడుగున మరతిప్పి నీళ్ళు వదలడం డ్రైవరే నేర్చుకోవచ్చు. బండి ఊగుతూ, నల్లపొగ గానీ తెల్లపొగ గానీ కక్కుతూ దీపం మిణికితే డీజిలైనా సరే, ఆపడమే మంచిది.

డల్లాస్‌లోనో, హ్యూస్టన్‌లోనో వున్న అబ్బాయిని ఫోన్లో అడిగితే "అమ్మా, పెట్రోలు ట్యాంకు మూత బిగించి చూడమను" అంటాడు. అక్కడి బండ్లలో మూత వదులైనా ఇంజన్ దీపం వెలుగుతుంది, నిజమే. అయితే అది నిలకడగా వెలిగే దీపం. మిణికే దీపానికి మూత మందు కాదు. అక్కడ కొన్ని విడిభాగాల దుకాణాల్లో కోడ్ ఉచితంగా చదివి చెబుతారు కాబట్టి, అమెరికాలో పికప్ నడిపే మన పిల్లలకి కూడా ఈ కాగితం పనికొస్తుంది.

చెయ్యకూడని వైద్యాలు

దీపం బల్బు తీయించెయ్యడం, దాని మీద నల్ల స్టిక్కరు అంటించడం, కన్వర్టర్ లోపలి దిమ్మ పగలగొట్టించి ఖాళీ డబ్బా బిగించడం, ఇవన్నీ చవకగా చేసి పెడతామనేవాళ్ళు వుంటారు. ఆ పొగ పీల్చేది మనమే, మన పిల్లలే. కాలుష్యం సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది సరేసరి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక పొగ నిబంధనలు మీరితే జరిమానా 10,000 రూపాయల దాకా వుండవచ్చు, జైలు శిక్షకీ వీలుంది. వారంటీ వున్న బండైతే అదీ పోగొట్టుకుంటాం.

ఇప్పుడు ముండ్లమూరు సోదరికి

అమ్మా, కన్వర్టర్ ఇప్పుడే మార్పించకండి. ముందు మీ మెకానిక్‌ని "మిస్సింగ్ ఎందుకొచ్చింది? కోడ్ ఏమిటి?" అని అడగండి. చెడ్డ ప్లగ్గో, కాయిలో అలాగే వుంచి కొత్త కన్వర్టర్ వేస్తే అది కూడా పాతదాని దారే పడుతుంది. డబ్బు రెండుసార్లు పోతుంది. మొదట మిస్సింగ్ ఆగాలి. కోడ్ చెరిపి, రెండు మూడు రోజులు ఖాళీగానూ, కొంచెం లోడుతోనూ నడిపి చూడాలి. దీపం రాకుండా బండి మళ్ళీ లాగుతుంటే కన్వర్టర్ బతికే వుందన్న మాట. మిస్సింగ్ పోయినా బండి లాగకపోతే, లేక పీ 0420 అనే కోడ్ వస్తే, అప్పుడు కన్వర్టర్ని అనుమానించాలి. పొగ దారి మూసుకుందో లేదో గేజి పెట్టి చూడవచ్చు. చల్లారాక మెల్లగా తడితే లోపల గలగలమని ముక్కల చప్పుడు వచ్చినా గుర్తే. వారంటీ మిగిలి వుంటే ముందు కంపెనీ సర్వీసు సెంటర్లోనే చూపించండి. మార్చక తప్పకపోతే పాత కన్వర్టర్ని మెకానిక్ దగ్గర వదిలెయ్యకండి. అందులో ఖరీదైన లోహాలుంటాయి, దానికి విలువ కట్టి బిల్లులో తగ్గించమని అడగడం మీ హక్కు.

మీరన్న "నిదానంగా పోనీయండి" లో నిదానం సరైన మాటే. ఇకముందు దానికి "మెకానిక్ దాకా" అని చేర్చండి. తీరిక వేళ ఇద్దరూ కూర్చుని, దీపం మిణికితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, సరుకు ఎవరి బండిలోకి మార్చాలి, ఆ కిరాయి ఎందులోంచి ఇవ్వాలి అని ముందే అనుకోండి. రోడ్డు మీద నిలబడి, టిక్కీలు ఎండలో వుండగా, సేటు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే ఎవరికీ ఆలోచన తోచదు. వాయిదాకి తీసి పెట్టినట్టే ప్రతి కిరాయిలో కొంచెం బండి వైద్యానికి వేరే డబ్బాలో వెయ్యండి. పోపు డబ్బాలో ఆవాలు అయిపోకముందే తెచ్చుకునే మనకి ఇది కొత్త విద్యేం కాదు.

వెనకటి లెక్కల పుస్తకం ఒకటి తీసి, బండి పేరున రెండు పేజీలు కేటాయించండి. ప్లగ్గులు మార్చిన తేదీ, ఎయిర్ ఫిల్టరు మార్చిన తేదీ, వచ్చిన కోడ్, పెట్టిన ఖర్చు. ఈసారి మెకానిక్ "ఎప్పుడు మార్చారమ్మా?" అని అడిగితే మీరే చెప్పగలుగుతారు. మీ బండి సంగతి ఏమయిందో మళ్ళీ ఒక ఉత్తరం ముక్క రాయండి. ఏ కోడ్ వచ్చిందో రాయడం మర్చిపోకండి.